అ మీద నడక

ధనశ్రీ అరికాళ్ళు తెల్లగా ఉన్నాయి.

అంగన్‌వాడీ నుంచి ఎత్తుకొచ్చి గడప దగ్గర దించాక నాగమల్లేశ్వరి అది చూసింది. పిల్ల గచ్చు మీద నడిచిన మేరకు మడమల గుర్తులు పడ్డాయి. మనవరాలిని అరుగు మీద కూర్చోబెట్టి కాలు పైకెత్తి పట్టుకుంది. అరికాలిని వేలితో రుద్ది, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. బియ్యప్పిండి కాదు. ముగ్గుపిండి.

"ఎక్కడ తొక్కొచ్చావే దీన్ని?"

"బళ్ళో."

"బళ్ళో ముగ్గెవరేశారు?"

"రావమ్మ టీచరు."

"ఏం ముగ్గు?"

ధనశ్రీ చేతిలో ఉడికిన గుడ్డు ఉంది. పెంకు తీస్తోంది. ఆఖరి ముక్క ఊడొచ్చాక చెప్పింది.

"ముగ్గు కాదు నానమ్మా. అ."

"అ ఏంటి?"

"అ. దాని మీద నడిచాం. జయంత్ పడ్డాడు. నేను పడలా."

నాగమల్లేశ్వరి కాలు వదిలేసింది. లోపల మగ్గం చప్పుడు ఆగలేదు. అంటే కొడుకు వినలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి పిల్ల కాళ్ళు తాంబాళంలో పెట్టి కడిగింది. ఆ నీళ్ళు రోడ్డు మీద పారబోయబోయి ఆగింది. జనం తొక్కే చోటు. దొడ్లోకి తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో పోసింది.

దేవుడి అలమరలో కొత్త పలక ఉంది. వేసవిలోనే కొన్నది. దసరాల్లో మూలా నక్షత్రం రోజున పిల్లను బెజవాడ కొండ మీదికి తీసుకెళ్ళి, అమ్మవారి ముందు పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించాలి. అంతవరకు పిల్ల చేతికి బలపం అందకూడదు. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పింది. పిల్లను చేర్పించిన రోజు రావమ్మకూ చెప్పింది.

"రాతలవీ పెట్టొద్దమ్మా దసరా దాకా. మాకు మొక్కుంది."

"రాయించనండీ," అంది రావమ్మ. అని నవ్వింది.

ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు నవ్వినట్టు? రాయించనంది. తొక్కించనని అనలేదు.

*

మర్నాడు పొద్దున పక్కింటి కొండలమ్మ వచ్చింది. నాగమల్లేశ్వరి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కొండలమ్మ వస్తూనే పీట లాక్కుంది. రాట్నం తిప్పే చేయి ఆపకుండానే నాగమల్లేశ్వరి పిల్ల కాళ్ళ సంగతి చెప్పింది. చెప్పాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"అక్షరాన్నా? కాళ్ళతోనా?" కొండలమ్మ చెంపలు వేసుకుంది. "పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటామే. ఆవిడ కూర్చోబెట్టి మరీ తొక్కిస్తందా?"

"కూర్చోబెట్టి ఎట్టా తొక్కిస్తారే? నిలబెట్టే."

"నువ్వు నవ్వులాట చెయ్యి వదినా. చదువుల తల్లిని తొక్కిన పిల్లకి చదువేం అబ్బుద్ది? ఆవిడకేం పోయింది, ఆవిడ దేవుడు వేరు, ఆవిడ లెక్కలు వేరు. కాలవ అవతలి వాళ్ళని తెచ్చి మన వీధి పిల్లల నెత్తిన కూర్చోబెట్టారు. మనలో మనిషి లేకనా?"

మనలో మనిషంటే కొండలమ్మ కోడలు పద్మశ్రీ. ఆ ఉద్యోగానికి పద్మశ్రీ కూడా పెట్టుకుంది. రాలేదు. నాగమల్లేశ్వరికి ఆ సంగతి తెలుసు. తెలిసినంత మాత్రాన కొండలమ్మ చెప్పింది అబద్ధమైపోదు. ముగ్గుపిండిని తన కళ్ళతోనే చూసింది.

కొండలమ్మ వెళ్ళాక బుట్టలో కండెలు సర్దబోతే ఇంకా కండెకు చుట్టని ఎర్రనూలు చిలప అంచు తేడాగా కనిపించింది. పట్టి చూసింది. పోగు తెగలేదు. తెంపారు. కొస నలిగి పీచు లేచి ఉంది. పంటితో కొరికిన పోగు అలాగే ఉంటుంది.

నూలు షావుకారుది. బెజవాడ వన్ టౌన్‌లో తూచి ఇస్తాడు. చీర తీసుకునేటప్పుడు మళ్ళీ తూస్తాడు. తగ్గితే నేతగాడి మొహంలోకి చూసి ఊరుకుంటాడు. ఆ చూపు కన్నా తిట్టే నయం.

ధనశ్రీని పిలిచి, దాని గౌను జేబులో చేయి పెట్టి చూసింది. ఒక కొస దొరికింది. మిగతా నూలు లేదు.

"ఎవరికిచ్చావే?"

"టీచర్‌కి."

"తెమ్మందా?"

"ఆఁ. నూలు పోగులు తెమ్మంది. అందరం తెచ్చాం."

నాగమల్లేశ్వరి లేచింది. బుట్ట తీసుకెళ్ళి అటక మీద పెట్టింది.

*

వాన పట్టుకుంది. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టుకోవాల్సిన వాళ్ళు కర్రలు ఇంట్లో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. సాయంత్రం కాస్త తెరిపి ఇచ్చింది. నాగమల్లేశ్వరి వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూసి, గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

ధనశ్రీ పెరట్లో నడుస్తోంది. తిన్నగా కాదు. ఒకచోట మొదలెట్టి చిన్నగా మెలిక తిరిగింది. వెనక్కొచ్చింది. వంగిన దారిలో దూరంగా వెళ్ళి చుట్టు తిరిగి, పైకి నడిచి ఆగింది. మళ్ళీ మొదటి చోటికి వచ్చింది. మళ్ళీ అదే మెలిక, అదే చుట్టు. రెండు చేతులూ ముందుకు చాపి ఉంచింది. పెదాలు కదులుతున్నాయి.

నాగమల్లేశ్వరి చెవి ఒగ్గింది. పిల్ల అంటున్న మాట "కంకిపాడు, కంకిపాడు."

"ఏమే, కంకిపాడేంటి?"

"బస్సు కంకిపాడు వెళ్తంది."

"నిన్నెవరైనా కంకిపాడు తీసుకెళ్ళారా?"

"ఆఁ. రోజూ వెళ్తాం. ఉయ్యూర్లో ఎక్కి బెజవాడలో దిగుతాం."

"ఎవరితో?"

"రావమ్మ టీచర్‌తో."

నాగమల్లేశ్వరి పొయ్యి కట్టేసింది. రావమ్మ మొగుడు ఫిలిప్‌కి ఆటో ఉంది. పిల్లలను బళ్ళో దించి వచ్చాక మధ్యాహ్నం దాకా ఎవరూ అటు వెళ్ళరు. ఆ మధ్యలో ఏం జరుగుతుందో ఎవరు చూశారు? అదంతా పిల్ల ఊహ అనిపించింది. కానీ పిల్ల ఆగకుండా అదే దారిలో నడుస్తోంది. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరుగుతోంది. ఏదో గాలి పట్టుకున్న మనిషిలా ఉంది. పిలిచి నుదుట విబూది పెట్టింది. ధనశ్రీ విబూది పెట్టించుకుని, వెళ్ళి మళ్ళీ అక్కడే మొదలెట్టింది.

కొడుకు దుర్గాశంకర్ మగ్గం దిగి టీ తాగుతుంటే అన్నీ చెప్పింది. కాళ్ళు, నూలు, కంకిపాడు. అతను వేడి టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య తిప్పుతూ విన్నాడు.

"నువ్వు చూశావా అమ్మా?"

"పిల్ల చెప్తంది కదరా."

"పిల్ల మొన్న పులిని చూశానంది, రైతుబజార్లో." గ్లాసు కింద పెట్టాడు. "వెళ్ళి చూసిరా. విన్నది నాకు చెప్పొద్దు."

లేచి మగ్గం దగ్గరికి వెళ్ళాడు. గుంట గట్టును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. కాళ్ళు గుంటలోకి దించి తొక్కుడు చెక్క తొక్కాడు. నాడె పోగును లాక్కుంటూ అటు నుంచి ఇటు వచ్చింది. ధనశ్రీ తండ్రి పక్కన గట్టు మీద కూర్చుని గుంటలో ఆయన పాదాలు ఎలా కదులుతున్నాయో చూస్తోంది. రోజూ చూసేదే. నాగమల్లేశ్వరి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

చూసిరావడానికి ముందే వీడియో వచ్చింది. పద్మశ్రీ ఫోన్ పట్టుకుని అత్తతో కలిసి వచ్చింది.

"చూడండి పెద్దమ్మా. నేనే తీశాను. రేపొద్దున ఎవరూ లేదనకుండా."

ఫోన్‌లో గచ్చు నేల కనిపించింది. దాని మీద తెల్లటి గీత, మంచమంత పెద్ద అక్షరం. పాదాలు. ఒక జత వెళ్ళాక ఇంకో జత. మూడో జతకు వెండి పట్టీలు ఉన్నాయి. ఆ పట్టీలు తను కొన్నవి. పాదాలు గీతను తొక్కుకుంటూ వెళ్ళాయి. వెనకాల రావమ్మ గొంతు "రైట్, రైట్" అంటోంది. మొహాలు కనపడలేదు. వీడియో అక్కడికి ఆగిపోయింది.

"ఇంతేనా?"

"ఇంతే సరిపోదా?" అంది కొండలమ్మ. "శుక్రవారం సూపర్‌వైజర్ మేడం వస్తంది. మేం చెప్తే, మీ పిల్లలెవరూ బళ్ళో లేరు కదా అంటది. మాటొస్తే పిల్ల ఇంట్లోంచే రావాలి. నువ్వొక్క మాట చెప్పు వదినా. మా పిల్ల చేత అక్షరం తొక్కించింది, మాకీ టీచర్ వద్దు అను. మిగతాది మేం చూసుకుంటాం."

"చెప్తాను," అంది నాగమల్లేశ్వరి.

పద్మశ్రీ ఫోన్ జేబులో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ ధనశ్రీ బుగ్గ గిల్లింది. ధనశ్రీ బుగ్గ తుడుచుకుంది.

నాగమల్లేశ్వరి ఆ పూట ఎక్కువ కండెలు చుట్టలేకపోయింది. రెండుసార్లు పోగు తెగింది. మాట ఇచ్చింది, తప్పదు. కానీ ఆ వీడియో పాదాల దగ్గర ఎందుకు మొదలైంది? పిల్లలు లోపలికి రావడం అందులో లేదు, వరసలో నిలబడటమూ లేదు. నేసిన చీరను మధ్యలో కోసి ముక్క చూపిస్తే అంచు ఏదో ఎలా తెలుస్తుంది? కొండలమ్మ మీద కూడా అనుమానం మొదలైంది. రావమ్మ మీద ఉన్నది తగ్గలేదు. రెండూ పక్కపక్కన కూర్చున్నాయి.

*

గురువారం పిల్లను దించి వెనక్కి తిరిగినట్టే తిరిగింది. సందు మలుపు దాకా వెళ్ళి, కాలవ గట్టు మీదుగా అంగన్‌వాడీ వెనక్కి వచ్చింది. అక్కడ కిటికీకి ఒక రెక్క లేదు. గోడకు ఆనుకుని తల మాత్రం ముందుకు పెట్టింది.

గుమ్మం బయట చెప్పులన్నీ వరసగా ఉన్నాయి. లోపల పిల్లలు గోడవారగా కూర్చున్నారు. రావమ్మ నేల తుడిచి, తడి ఆరనిచ్చి, ముగ్గుపిండితో గీత మొదలెట్టింది. ఆవిడ చేయి నాగమల్లేశ్వరి చూసింది. ముగ్గు వేసే చేయి కాదది. పిండి ఒకచోట ఎక్కువ పడుతోంది, ఒకచోట గీత తెగుతోంది.

"ఇది ఏ ఊరు?" రావమ్మ గీత మొదట్లో వేలు పెట్టి అడిగింది.

"ఉయ్యూరు!"

"ఇక్కడ బస్సు మలుపు తిరిగే ఊరు?"

"కంకిపాడు!"

"కంకిపాడులో ఎక్కేవాళ్ళు ఎక్కాక, ఇట్టా చుట్టు తిరిగి, ఇదిగో ఇక్కడికి?"

"బెజవాడ బస్టాండూ!"

"రోడ్డు దిగిన బస్సు?"

"కాలవలోకే!" అని పిల్లలందరూ అరిచి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

నాగమల్లేశ్వరి కిటికీ ఊచ పట్టుకుంది. పిల్ల రోజూ వెళ్తున్న కంకిపాడు ఇదన్నమాట.

మొదటి బస్సు ధనశ్రీ. గీత మొదట్లో నిలబడింది. నాగమల్లేశ్వరి ఊచకు మొహం ఆనించింది. ఇప్పుడే తొక్కుతుంది. పిల్ల తొక్కలేదు. వంగింది. గీత మొదలైన చోట నేలను వేళ్ళతో తాకింది. ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. తర్వాత చేతులు ముందుకు చాపి, ఒక కాలి బొటనవేలి ముందు ఇంకో కాలి మడమ పెట్టుకుంటూ కంకిపాడు వైపు కదిలింది.

రెండో పిల్లవాడు జయంత్. వాడూ వంగి, తాకి, కళ్ళకద్దుకున్నాడు. వాడిది మగ్గం ఇల్లు కూడా కాదు, వాళ్ళ నాన్న కొల్లేటి చేపలు తెచ్చి అమ్ముతాడు. మూడో పిల్ల కూడా అలాగే చేసింది. ఎవరూ చెప్పలేదు. వరసలో ఎవరి వంతు వస్తే వాళ్ళు వంగుతున్నారు.

నాగమల్లేశ్వరి కిటికీ వదిలి ముందువైపు వచ్చింది. చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడింది. రావమ్మ చూసి లేచి నిలబడి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రండి పెద్దమ్మా. ఏమైనా పనా?"

"ఆ దండం పెట్టడం నువ్వు నేర్పావా?"

"నేను నేర్పలేదండీ. మొదటి రోజు నడవమంటే మీ ధనశ్రీ చేసింది. ఎందుకమ్మా అనడిగితే, తొక్కేముందు నాన్న చేస్తాడంది. మిగతావాళ్ళు దాన్ని చూసి పట్టుకున్నారు." కాస్త ఆగింది. "మీరు రాయించొద్దన్నారు కదండీ. అందుకని బలపం ఇవ్వలేదు. వేళ్ళు ఇంకా తిరగవు, కాళ్ళతో దారి తెలిస్తే తర్వాత చేతికి ఇబ్బంది ఉండదని."

నాగమల్లేశ్వరి తల పక్కకి తిప్పింది. గోడ వైపు చూస్తోంది. అట్టముక్కల మీద నూలు పోగులు జిగురుతో అంటించి ఉన్నాయి. తెలుపు, పసుపు, నీలం. అన్నీ అదే మెలిక, అదే చుట్టు. పిల్లలు కళ్ళు మూసుకుని వేలితో తడమడానికట. ఎరుపు లేదు.

రావమ్మ ఆ చూపు గమనించింది. అలమర తీసి ఒక సుద్దముక్క తెచ్చింది. దాని చుట్టూ ఎర్రనూలు చుట్టి ఉంది.

"తెగిన పోగులుంటే తెమ్మన్నానండీ. ఇది తెగింది కాదు, మీ చిలపలోది. మీకిద్దామని పెట్టాను. మీరు పిల్లను దించి అటే వెళ్ళిపోతున్నారు, నాతో మాట్లాడటం లేదు."

నాగమల్లేశ్వరి సుద్దముక్క తీసుకుంది. నూలు ముడిపడకుండా చుట్టి ఉంది. కొంగున ముడేసుకుని బయటికి వచ్చింది. చెప్పులు వేసుకున్నాక కూడా కొంతసేపు అక్కడే నిలబడింది.

*

శుక్రవారం సూపర్‌వైజర్ స్కూటీ మీద వచ్చింది. కొండలమ్మ వీధిలో నలుగురిని వెంటేసుకుని ముందే చేరింది. పద్మశ్రీ వీడియో చూపించింది. సూపర్‌వైజర్ చూసి ఫోన్ తిరిగి ఇచ్చింది. రావమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పిల్లలు పాలు తాగుతున్నారు.

"మీ పిల్లలెవరైనా ఇక్కడున్నారా అమ్మా?" అంది సూపర్‌వైజర్.

"ఇదిగో, ఈవిడ మనవరాలే. వెండి పట్టీలు దానివే. చెప్పొదినా."

నాగమల్లేశ్వరి కొంగు ముడి విప్పి మళ్ళీ వేసింది.

"వీడియో సగం నుంచి తీశారు," అంది. "ముందు పిల్లలు నేలకి దండం పెట్టుకుంటారు. తర్వాత నడుస్తారు. నేను చూశాను. మా పిల్లకు ఈ టీచరే ఉండాలి."

కొండలమ్మ మెడ తిప్పి చూసింది. "చెప్తానన్నావు కదా వదినా!"

"చెప్పాను కదే, ఇప్పుడు."

పాలు తాగుతున్న పిల్లలు ఎందుకో నవ్వారు. రావమ్మ నవ్వలేదు. సూపర్‌వైజర్ గడియారం చూసుకుంది. ఇంకో రెండు ఊళ్ళు చూడాలి ఆవిడ.

"టీచర్‌ని మార్చేదేమీ లేదు. కానీ ఈ గొడవలు పైకి వెళ్తే నాకు తలనొప్పి. రావమ్మా, నేల మీద అక్షరాలు వద్దు. చార్టు ఇచ్చాం కదా, గోడకు తగిలించి చెప్పు. అది తుడిచెయ్."

"మేడం, పిల్లలు..."

"తుడిచెయ్ అన్నాను."

రావమ్మ బకెట్ తెచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని బెజవాడ వైపు నుంచి తుడవడం మొదలెట్టింది. ధనశ్రీ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడింది. గుడ్డ కంకిపాడు దాటేటప్పుడు నానమ్మ వైపు చూసింది. నాగమల్లేశ్వరి ఆ చూపు తప్పించుకుంది. ఆ రోజు రాట్నం ముందు పిల్ల కాళ్ళ సంగతి తాను కొండలమ్మతో అనకపోతే ఈ బకెట్ వచ్చేది కాదు.

*

శనివారం తెల్లవారింది. వాన లేదు. వీధి చివర ఎవరో పడుగుకు కర్రలు పాతుతున్నారు. నాగమల్లేశ్వరి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లింది. ముగ్గు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టింది. లోపలికి వెళ్ళి ధనశ్రీని లేపుకొచ్చింది. పిల్ల కళ్ళు నులుముకుంటోంది.

"ఏదే, నీ బస్సు ఎటెళ్ళుద్దో నడువు."

"ఇక్కడా?"

"ఇక్కడే. మెల్లగా నడువు. నేను వెనకొస్తాను."

ధనశ్రీకి నిద్ర వదిలింది. చోటు చూసుకుని నిలబడింది. వంగి తడినేలను తాకి కళ్ళకద్దుకుంది. అడుగు వేసింది. తడిమట్టిలో పాదం అచ్చు పడింది. నాగమల్లేశ్వరి నడుం వంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జార్చుతూ ఆ పాదాల వెంట వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా చుక్కలు పెట్టి ముగ్గులు వేసిన చేయి అది. అక్షరం మీదికి ఎప్పుడూ వెళ్ళలేదు. మలుపు దగ్గర పిల్ల ఆగితే తనూ ఆగింది.

"కంకిపాడు," అంది ధనశ్రీ. "జనం ఎక్కుతున్నారు."

"ఎక్కనీ."

చుట్టు తిరిగి పైకి వెళ్ళాక పిల్ల నిలబడిపోయింది. నాగమల్లేశ్వరి నడుం ఎత్తి దూరం జరిగి చూసింది. గీత ఎక్కడా తెగలేదు. వాకిలి నిండా ఉంది. గేటు దాటాలన్నా, ఇంట్లోకి రావాలన్నా దాని మీద కాలు పడాల్సిందే.

కొండలమ్మ తన వాకిట్లో చీపురు పట్టుకుని ఇటే చూస్తోంది.

"ఏంటొదినా అదీ?"

"ముగ్గు."

"అది ముగ్గా?"

"నా వాకిట్లో పిండితో నేను వేశాను. మరేమంటారే దాన్ని?"

కొండలమ్మ చీపురుతో నేలను రెండుసార్లు గీరి లోపలికి వెళ్ళింది. లోపల మగ్గం మొదలైంది.

బడివేళకు జయంత్ వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. చెప్పులు రోడ్డు పక్కన విడిచి వరస కట్టారు. ధనశ్రీ గేటు పట్టుకుని రైట్ రైట్ అంటోంది. అప్పుడే రావమ్మ భుజాన సంచితో కాలవ వంతెన దిగి వీధిలోకి వచ్చింది. పిల్లలను చూసి నడక తగ్గించింది. గీత అంచుకు వచ్చి ఆగిపోయింది. ఎప్పుడు ఈ ఇంటికి వచ్చినా ఆవిడ గేటు బయటే నిలబడి మాట్లాడి వెళ్ళేది. ఎవరూ లోపలికి రమ్మనలేదు.

"మేడం వద్దన్నారు కదండీ," అంది, గొంతు తగ్గించి.

"నీ బళ్ళో వద్దంది. ఇది నా వాకిలి." నాగమల్లేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంది. "మలుపు దగ్గర సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలీదు. నడిచి చూసి చెప్పు."

రావమ్మ పక్కింటి వైపు ఒకసారి చూసింది. సంచి గేటుకు తగిలించింది. చెప్పులు పిల్లల చెప్పుల పక్కన విడిచింది. వంగి, గీత మొదలైన చోట నేలను తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. కనురెప్ప మీద పిండి అంటింది.

నాగమల్లేశ్వరి అది చూసింది. తుడుచుకోమని చెప్పలేదు.